బటర్‌బర్గర్, ఫ్రోజెన్ కస్టర్డ్: కల్వర్స్ కుటుంబం కథ, మన వంటింటి లెక్క

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో సాక్ సిటీ చిన్న ఊరు. 1984 జూలై 18న క్రెయిగ్ కల్వర్, ఆయన భార్య లీ, తల్లిదండ్రులు జార్జ్, రూత్ కలిసి అక్కడ కల్వర్స్ తెరిచారు. చోటు మాత్రం పాతదే. జార్జ్, రూత్ 1961లో కొని నడిపిన ఏ అండ్ డబ్ల్యూ కంపెనీ డ్రైవ్‌ఇన్ అది, అంటే కార్లో కూర్చునే తినే హోటల్. మధ్యలో వదిలేసి, మళ్ళీ కొని, బోర్డు మార్చారు. పేరు తెచ్చిన సరుకులు రెండే: పైముక్కకి వెన్న రాసి కాల్చిన బన్నుతో బర్గర్, అదే బటర్‌బర్గర్; గుడ్డు పచ్చసొన వేసిన ఐస్‌క్రీం, అదే ఫ్రోజెన్ కస్టర్డ్.

ఈ రెండిట్లో ఏదీ వాళ్ళు కనిపెట్టింది కాదు. ఐస్‌క్రీంలో పచ్చసొన వేస్తే నున్నగా వస్తుందని, తొందరగా కరగదని చూసి 1919లో కోనీ ఐలాండ్ బీచ్‌లో అమ్మింది కోర్ అన్నదమ్ములు. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనతో అది అమెరికా నడిమి రాష్ట్రాలకి చేరింది. విస్కాన్సిన్‌లోనే ఉన్న మిల్వాకీ నగరంలో కస్టర్డ్ దుకాణాలు గిలెస్ 1938లో, లియోన్స్ 1942లో, కాప్స్ 1950లో మొదలయ్యాయి. అన్నీ కుటుంబాల దుకాణాలే. విస్కాన్సిన్ చలికాలంలో ఐస్‌క్రీం ఒక్కదాన్ని నమ్ముకుంటే కష్టం. పక్కన వేడి పెనం ఉంటే ఏడాది పొడవునా గిరాకీ ఉంటుంది.

కల్వర్స్‌కి మొదటి ఏడాది నష్టమే. 1987లో రిచ్‌లాండ్ సెంటర్‌లో ఇచ్చిన మొదటి ఫ్రాంచైజీ కూడా నిలబడలేదు. తీసుకున్నవాడి సొంత డబ్బు అందులో లేదు, ఏడాది లోపే వదిలేసి పోయాడు. 1990లో బారబూలో పెట్టింది నిలిచింది. 2017లో రోర్క్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ కొంత వాటా కొన్నా, పెద్ద వాటా కుటుంబం దగ్గరే ఉంది.

మన హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ వ్యవహారం వీళ్ళకి దగ్గర. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్లో ఫేమస్ ఐస్‌క్రీం 1951 నుంచి ఉంది. అక్కడ పేరు తెచ్చింది చేత్తో తిప్పే పండ్ల ఐస్‌క్రీం. కస్టర్డ్‌దీ అదే పద్ధతి, కొంచెం కొంచెంగా చేసి తాజాగా అమ్మేయాలి. నా లెక్కలో కల్వర్స్ కథలో పనికొచ్చేది ఇదే. నిల్వ పెడితే కస్టర్డ్ కస్టర్డ్‌లా ఉండదు.

ఎందుకంటే తేడా అంతా గాలిలో ఉంది. అమెరికా చట్టం ప్రకారం ఫ్రోజెన్ కస్టర్డ్‌లో పాలకొవ్వు 10 శాతం, పచ్చసొన ఘనపదార్థం 1.4 శాతం తగ్గకూడదు. గాలికి చట్టం పెట్టిన హద్దు చాలా వదులు కానీ మంచి దుకాణాల్లో అది మిశ్రమం కొలతలో 15 నుంచి 30 శాతం లోపే. మామూలు ఐస్‌క్రీంలో పాలమిశ్రమం ఎంతో గాలీ అంత ఉండొచ్చు. అందుకే మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లీటరు ఐస్‌క్రీం బరువు 525 గ్రాములకి తగ్గకూడదని పెట్టింది. కొన్న డబ్బాని కాటా మీద పెడితే చాలు, కథ తెలుస్తుంది. డబ్బా మీద 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంటే వాడింది వంటనూనె కొవ్వు.

సొంతంగా చేసినప్పుడూ కాటానే దారి. 200 మి.లీ. కప్పులో గడ్డకట్టని మిశ్రమం 220 గ్రాములు తూగి, గడ్డకట్టాక అదే కప్పు కస్టర్డ్ 176 గ్రాములు తూగితే తేడా 44; దాన్ని 176తో భాగిస్తే గాలి 25 శాతం. బజార్లో దొరికే సాఫ్టీ మిషన్లలో పంపుతో గాలి కొట్టేవి దీనికి పనికిరావు. మిశ్రమం తనంతట తాను దిగేవి తీసుకోండి.

కిలో మిశ్రమానికి కొలత: 6 శాతం కొవ్వున్న ఫుల్‌క్రీం పాలు 450 మి.లీ., 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీం 300 మి.లీ., చక్కెర 150 గ్రా., పాలపొడి 40 గ్రా., నాలుగు పచ్చసొనలు, చిటికెడు ఉప్పు. కస్టర్డ్ పౌడర్ జోలికి పోవద్దు, అది మొక్కజొన్న పిండి. పాలు, క్రీం, పాలపొడి, సగం చక్కెర కలిపి పొగలొచ్చేదాకా కాచండి. మిగతా చక్కెరతో పచ్చసొన గిలక్కొట్టి, వేడిపాలు గరిటెడు గరిటెడుగా దాంట్లో కలిపి, మళ్ళీ సన్నమంట మీద 82, 83 డిగ్రీల దాకా తిప్పుతూ ఉండాలి. 85 దాటితే గుడ్డు విరిగి పొరటులా అవుతుంది. దించగానే జల్లెడ పట్టి, ఐసునీళ్ళలో గిన్నె పెట్టి చల్లార్చి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. ఈ నానబెట్టడం ఎగ్గొడితే కొవ్వు గట్టిపడదు, కస్టర్డ్ పల్చగా వస్తుంది.

చేత్తో తిప్పే బకెట్ అయితే ఐదు కిలోల ఐసుకి కిలో దొడ్డుప్పు. ఉప్పు తగ్గితే గడ్డకట్టదు. మరీ ఎక్కువైతే డబ్బా గోడకి అట్టకట్టి మధ్యలో నీళ్ళగా ఉంటుంది. బకెట్ పక్కనున్న రంధ్రం మూసుకుపోకుండా చూడాలి, లేదంటే ఉప్పునీళ్ళు డబ్బాలోకి పోతాయి. మిశ్రమం సరిగ్గా చల్లబడకుండా తిప్పినా, అయిపోయాక కూడా తిప్పుతూ పోయినా వెన్న పలుకులు తేలతాయి. నాలుక మీద ఇసకలా తగిలిందంటే పాలపొడి ఎక్కువైందన్నమాట. కరెంటు పోయి సగం కరిగి మళ్ళీ గడ్డకట్టినదాంట్లో ఐసు పలుకులు తప్పవు. వడ్డించేటప్పుడు ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీల దగ్గర ఉండాలి, ఇంటి ఫ్రీజర్ మైనస్ 18లో పెడితే రాయే.

సీతాఫలం కాలంలో బాలానగర్ కాయ గుజ్జు వేయాలనుకుంటే పొయ్యి మీద వేయొద్దు, చేదెక్కుతుంది. గింజలు తీసిన చల్లని గుజ్జుని దాదాపు గడ్డకట్టాక, చివర్లో కలపాలి. అమ్మేవాళ్ళు ఇంకోటి మరిచిపోకూడదు: గుడ్డు వేసిన ప్యాకెట్ మీద మాంసాహారం గుర్తు తప్పనిసరి.

ఇక బర్గర్. కల్వర్స్‌లో అది బీఫ్, ఎప్పుడూ ఫ్రీజర్‌లో పెట్టనిది. ఇక్కడ మటన్ కీమా తీసుకుంటే నూటికి ఇరవై పాళ్ళు కొవ్వుండాలి, మిషన్‌లో ఒక్కసారే ముతకగా ఆడించాలి. 90 గ్రాముల ఉండని బాగా కాగిన పెనం మీద పెట్టి, మొదటి పది సెకన్లలో ఒకేసారి గట్టిగా అదమండి. కొవ్వు కరగడం మొదలయ్యాక నొక్కితే రసమంతా పెనం పాలే. ఉప్పు పైన మాత్రమే, అదీ కాల్చే ముందు. కీమాలో ముందే కలిపితే రబ్బరులా సాగుతుంది. చికెన్ అయితే కాలి మాంసం వాడి, లోపల 74 డిగ్రీలు వచ్చాకే దించాలి. మన బేకరీ బన్నుల్లో తీపి ఎక్కువ కాబట్టి తొందరగా మాడతాయి. పైముక్క లోపలివైపుకి వెన్న రాసి, నడిమి మంట మీద నిమిషం లోపే తీసేయండి. ఇరానీ హోటల్లో బన్ మస్కా తిన్నవాళ్ళకి ఈ రుచి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క చిక్కుంది. మటన్ కొవ్వు చల్లబడగానే పేరుకుంటుంది. బర్గర్ తిన్న నోట్లో వెంటనే చల్లని కస్టర్డ్ పెడితే అంగిట్లో మైనం పూసినట్టు అవుతుంది. చికెన్‌తో ఈ బాధ తక్కువ. మటనే కావాలంటే మధ్యలో ఉల్లిపాయ, నిమ్మకాయ, వేడి చాయ్ ఇచ్చి, పది నిమిషాలాగి కస్టర్డ్ తీయండి.