అమ్మోనియా కోసం వెతికితే ఉప్పు దొరికింది

నా రీఫ్ ట్యాంక్ (ఉప్పు నీళ్లలో పగడాలు, చేపలు పెంచే అక్వేరియం) 200 లీటర్లది, పెట్టి పద్నాలుగు నెలలైంది. పోయిన నెల హ్యామర్ కోరల్ అనే పగడం ముడుచుకుపోయింది, జోవాలు (చిన్న పువ్వుల్లాంటి పగడాలు) తెరుచుకోవడం మానేశాయి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం అమ్మోనియా ఉందేమోనని టెస్ట్ చేస్తే లేత ఆకుపచ్చ, అంటే 0.25 పీపీఎం. హైదరాబాద్‌లో నేను సరుకు కొనే షాపతనికి ఫోన్ చేస్తే ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా బ్యాక్టీరియా సీసా, అమ్మోనియా మందు కలిపి 3,400కి పంపాడు. ఇలాంటివాళ్ల దగ్గర ఫోన్లో సలహా అడగకండి, సలహాతో పాటు బిల్లు కూడా వస్తుంది.

పది రోజులు రోజూ ఇరవై లీటర్లు మార్చాను. తేడా లేదు. చేపలు మాత్రం శుభ్రంగా తింటున్నాయి, అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

చివరికి మా బావ "ఊరినిండా ఆక్వా ల్యాబులు పెట్టుకుని ఏడుస్తావేంట్రా" అన్నాడు. మాది భీమవరం, ఆయనకి వెనామీ రొయ్యల చెరువులున్నాయి. సీసాలో నీళ్లు పట్టుకుని వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు ఫారం తీసి "ఎన్ని ఎకరాలండీ?" అన్నాడు. ఎకరాలు కాదు, 200 లీటర్లు అన్నాను. తలెత్తి చూశాడు. "సీడ్ (రొయ్య పిల్లలు) ఎంత వేశారు? ఎన్నో రోజు?" రెండు క్లౌన్ చేపలు, పద్నాలుగు నెలలు అన్నాను. వెనకాల బెంచీ మీద రైతులు నలుగురు, ఒకాయన "కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతొచ్చిందండీ" అని అడిగాడు, అందరూ నవ్వారు, మా బావైతే గోడకేసి తిరిగి మరీ నవ్వాడు. లక్షలు నీళ్లలో పోసినవాళ్ల మధ్య రెండు చేపల కోసం లైన్లో నిలబడటం ఎలా ఉంటుందో నన్నడగండి.

కానీ ఆ కుర్రాడు మంచివాడు. అమ్మోనియా లేదు, సాలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు, వెయ్యికి 40 (పీపీటీ) ఉంది, ఉండాల్సింది 35 అన్నాడు. నా రిఫ్రాక్టోమీటర్ (ఉప్పు కొలిచే మీటర్) 35 చూపిస్తోంది కదా అంటే, "జీరో దేంతో పెట్టారు?" అన్నాడు. కుళాయి నీళ్లతో. మా ఇంటి కుళాయిలో వచ్చేది బోరు నీళ్లు. భీమవరం బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని ఇక్కడ చంటిపిల్లలకీ తెలుసు! ఆ ఉప్పునే సున్నా అనుకుంది నా మీటర్. పైగా నేను మార్చిన నీళ్లన్నీ ఆ మీటరు చూసి కలిపినవే, అంటే పది రోజులూ 40ని 40తోనే మార్చాను.

మరి ఆ ఆకుపచ్చ రంగు? రాత్రి ట్యాంక్ నీలం లైటు కింద చూశాను, అంతే. ఇంటికొచ్చి మళ్లీ టెస్ట్ చేసి, ట్యూబు బాల్కనీలో ఎండకి పెడితే పసుపే, అంటే సున్నా. టెస్ట్ చేసేవాళ్లు పగటి వెలుతురులో, తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. కొత్తగా కలిపిన ఉప్పు నీటిని కూడా పక్కన టెస్ట్ చేయండి, రెండూ ఒకే రంగొస్తే ట్యాంకుని తిట్టకండి. రిఫ్రాక్టోమీటరు సరిచూసుకోవడానికి 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం కొనుక్కోండి, నేను మందులకి తగలేసిన డబ్బుతో పోలిస్తే చాలా తక్కువ.

తర్వాత రోజుకి నాలుగు లీటర్లు తీసి అంతే ఆర్వో నీళ్లు పోస్తూ వారంలో 35కి దించాను. నిన్న హ్యామర్ పూర్తిగా విచ్చుకుంది. ఫోటో బావకి పంపితే "పట్టుబడి (చెరువు పట్టేది) ఎప్పుడు?" అని మెసేజ్ పెట్టాడు.