తెర మొత్తం ఎర్రగా మెరవాలా?

ఆదివారం. పొద్దున డాబా ఎక్కి యాంటెనా తాడు బిగించాను, బజారు పని చూసుకున్నాను. రోజంతా చప్పగానే గడిచింది. సాయంత్రం మాత్రం మాస్టారితో గట్టి వాదన పడింది. రాత్రి భోజనం దగ్గర కూడా అదే ఆలోచన.

మా హామ్ (సరదాకి సొంత రేడియో స్టేషన్ నడిపే) మిత్రుల్లో ఒక కుర్రాడు లాగింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నాడు. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ రేడియో సిగ్నల్ నుంచి డీకోడ్ చేసిన కాల్‌సైన్లను, అంటే స్టేషన్ల గుర్తింపు పేర్లను, అది మన లాగ్‌తో (ఇదివరకు మాట్లాడిన స్టేషన్ల పట్టికతో) పోల్చి, ఇంతవరకు కాంటాక్ట్ కాని దేశం వినబడితే చెబుతుంది. కొత్త వెర్షన్‌లో అలాంటిది దొరికిన ప్రతిసారీ తెర మొత్తం ఎర్రగా ఆరుతూ వెలుగుతుంది. మాస్టారికి అది తెగ నచ్చింది. నాకు చూడగానే చిరాకేసింది.

మాస్టారి మాటలో బలం లేకపోలేదు. ఎఫ్‌టీ8 అని కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపుకునే పద్ధతిలో ఒక్కో స్లాట్ (ఒక్కో వంతు) 15 సెకన్లు. అందులో సిగ్నలే దాదాపు 12.6 సెకన్లు ఉంటుంది. అది డీకోడై, మనం చూసి, క్లిక్ చేయడానికి మిగిలేది రెండు సెకన్లు. "సాయంత్రం పూట 14.074 మెగాహెర్ట్జ్ మీద కూర్చో, వరసలు వానలా పడతాయి. అందులో నాకు కావాల్సింది ఒక్కటి. అది నా కంటికి ఆనేలోపు స్లాట్ అయిపోతుంది బాబూ" అన్నారు. పైగా ఆయనకు వినికిడి తగ్గింది. బీప్ పెట్టినా ప్రయోజనం లేదు. ఆయన అడుగుతున్నది సోకు కోసం కాదు.

కానీ తెర మెరుస్తున్నప్పుడు ఆ కాల్‌సైన్ చదవడం ఎలా? ఉన్న రెండు సెకన్లలో ఒకటి ఆ మెరుపే మింగేస్తుంది. ఇదే అడిగాను. సీక్యూ అని, అంటే ఎవరైనా పలకండని, పిలిచే స్టేషన్ జవాబు రాకపోతే మామూలుగా 30 సెకన్లకు మళ్ళీ పిలుస్తుంది కదా, అంత కంగారు ఎందుకని కూడా అన్నాను. "ఈలోపు బ్యాండ్ మూసుకుపోయి సిగ్నల్ అందకపోతే?" అన్నారు ఆయన. అదీ నిజమే, అలా పోగొట్టుకున్న వాళ్ళు మాలో చాలామందే ఉన్నారు.

తర్వాత అండమాన్ సంగతి ఎత్తారు. హామ్‌లు దేశాలుగా లెక్కపెట్టే డీఎక్స్‌సీసీ లిస్టులో ఉన్న 340లో అండమాన్‌ది విడి లెక్క. చాలా ఏళ్లు అక్కడి నుంచి హామ్ స్టేషన్ ఏదీ పలకలేదు. 2004 డిసెంబర్‌లో మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో పలికితే ప్రపంచమంతా ఎగబడింది. "అలాంటిది వినబడినప్పుడు తెర మెరవకపోతే ఇంకెప్పుడు మెరవాలి?"

నాకు సరిగ్గా అక్కడే జవాబు దొరికింది. అదే డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఫోన్లు పడిపోయాయి. కొత్త దేశం కోసం అందరూ పిలుస్తున్న ఆ స్టేషనే క్షేమ సమాచారాలు, అత్యవసర సందేశాలు చేరవేయడానికి మారిపోయింది. కొత్త దేశానికే ఎరుపు ఖర్చు పెట్టేస్తే, అలాంటి సందేశానికి ఏ రంగు మిగులుతుంది మాస్టారూ అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు ఆయన.

నా పట్టు ఇదే. ఆరివెలిగే ఎరుపు అంటే "చేస్తున్న పని ఆపి ఇటు చూడు" అని అర్థం. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా నుంచి వెనక్కి తన్నే పవర్ కొలత) ఎగబాకి ఫైనల్స్, అంటే రేడియోలో పవర్ ఇచ్చే ట్రాన్సిస్టర్లు, కాలిపోయేలా ఉన్నప్పుడు, ట్రాన్స్‌మిట్ ఇరుక్కుపోయి వదలనప్పుడు అది రావాలి. ఆస్పత్రి మానిటర్ల అంతర్జాతీయ ప్రమాణం కూడా ఇలాగే చెబుతుంది: మెరిసే ఎరుపు ప్రాణాపాయం లాంటి వాటికి, చిన్న విషయాలకు మెరవని దీపం. రోజుకు పదిసార్లు ఊరికే మెరిసే దాన్ని మన కన్ను నాలుగు రోజుల్లో పట్టించుకోవడం మానేస్తుంది. ఆరోగ్యం సంగతి సరేసరి. 1997లో జపాన్‌లో టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వేగంగా మెరిసేసరికి వందలమంది పిల్లలను ఆస్పత్రులకు తీసుకెళ్ళారు. సెకనుకు మూడుసార్లకు మించి ఏదీ మెరవకూడదని వెబ్ ప్రమాణాల్లో ఉన్నది ఇలాంటి ప్రమాదం గురించే. మన ప్రోగ్రామ్ ఎవరింట్లో, ఎవరి ముందు నడుస్తుందో మనకు తెలియదు కదా.

మాస్టారి కోసం వేరే దారి చెప్పాను. కొత్త దేశం కాల్‌సైన్ ఒక్కటే పైన విడిగా, బాగా పెద్ద అక్షరాల్లో, మందపాటి పసుపు గీతల మధ్య నిలబడాలి. క్లిక్ చేసేదాకా కదలకూడదు. కుర్రాడు అక్కడికక్కడే చేసి చూపించాడు. మాస్టారు కళ్ళజోడు తీసేసి కూడా చదివారు. "బాగుంది, కానీ నేను టీ తాగుతూ అటు తిరిగి ఉంటే?" అన్నారు.

మెరుపును సెట్టింగ్స్‌లో ఉంచడానికి ఇద్దరం ఒప్పుకున్నాం. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది ఆఫ్‌లో ఉండాలని నేను, ఆన్‌లో ఉండాలని ఆయన. కుర్రాడు ఏదీ తేల్చలేదు. అతను కొత్త వెర్షన్ విడుదల చేసేలోపు ఇంకోసారి వెళ్ళి గట్టిగా అడుగుతాను.