పేజీలో రెండు హెడ్‌లు

సర్వరు చూపే ఫోల్డరు లిస్టింగ్‌ని మన వెబ్ పేజీలో ఇమడ్చాలనుకున్నాం. అంబాజీపేట కొబ్బరి ధరల షీట్ల ఫోల్డరు పేజీ మధ్యలోకి వచ్చింది. కానీ సోర్స్ తెరిచి చూస్తే పేజీకి ఒక్కసారే ఉండాల్సిన హెడ్ ట్యాగు రెండుసార్లుంది. ఏ షీటు నొక్కినా 404, అంటే ఫైలు దొరకలేదని.

అపాచీ వెబ్ సర్వరులో లిస్టింగ్ తయారుచేసే ఆటోఇండెక్స్ ఇచ్చేది ముక్క కాదు, మొత్తం పేజీ. పేజీ మొదట్లోని ట్యాగులు రాకుండా దాని ఇండెక్స్‌ఆప్షన్స్ సెట్టింగులో సప్రెస్‌హెచ్‌టీఎంఎల్‌ప్రియాంబుల్ పెట్టాలి. లిస్టింగ్ పైన ఏ ఫైలు రావాలో చెప్పే హెడర్‌నేమ్‌తో ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు చూపించకపోతే మాత్రం అది పనిచేయదు, చాలామంది చిక్కుకునేది ఇక్కడే. చివర్లో మూసే ట్యాగులు కూడా రాకూడదంటే లిస్టింగ్ కింద ఏ ఫైలు రావాలో చెప్పే రీడ్‌మీనేమ్‌కీ అలాంటి ఫైలే ఉండాలి.

404 సంగతి వేరు. లిస్టింగ్‌లో లింకులు ఉత్త ఫైలు పేర్లే. పేజీ చిరునామా వేరైతే బ్రౌజరు వాటిని తప్పు ఫోల్డర్లో వెతుకుతుంది. పేజీ చిరునామాని ఆ ఫోల్డరు కిందికే తెస్తే సరిపోతుంది.

లిస్టింగ్‌ని పేజీలోకి తేవడానికి పీహెచ్‌పీలో వర్చువల్ ఫంక్షను వాడదామంటే, అది అపాచీ మాడ్యూలుగా నడిచేచోటే ఉంటుంది. పీహెచ్‌పీ సర్వరు నుంచి విడిగా నడిచే ఎఫ్‌పీఎంలో లేదు.

అపాచీ బదులు ఎంజిన్‌ఎక్స్ సర్వరు ఉన్నవాళ్లకి హాయి. 1.7.9 వెర్షను నుంచి ఆటోఇండెక్స్‌ఫార్మాట్‌లో జేసన్ (ప్రోగ్రాములు చదవగలిగే డేటా రూపం) అని రాస్తే పేరు, రకం, మార్చిన సమయం, సైజు విడివిడిగా వస్తాయి. టేబులు మనమే గీసుకోవచ్చు. ఫోల్డర్లకి సైజు రాదు, ఆ గడి ఖాళీగా వదిలేయండి. తెలుగు పేర్లున్న ఫైళ్లని లింకులో ఎన్‌కోడ్ చేయడం మరవద్దు.