నేను ఎక్కకూడని పోనీ: ఐదు నెలల గుర్రపు స్వారీ నోటుబుక్కు

43వ ఏట గుర్రపు స్వారీ మొదలుపెట్టాను. హైదరాబాదు శివార్లలో ఒక చిన్న లాయం, అందులో ఆరు గుర్రాలు, రెండు పోనీలు. శని, ఆదివారాల్లో పొద్దున 6:30కి క్లాసు, 45 నిమిషాలు. నాతోపాటు 11 ఏళ్ళ మా అమ్మాయి కూడా వస్తుంది. మొదటి రోజే ఒక నోటుబుక్కు కొన్నాను. కొలతలు, నాడి, మేత, చేసిన పొరపాట్లు అన్నీ అందులో ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాను.

1వ వారం (నవంబరు)

నన్ను ముందుగా ఎక్కించింది చిట్టి అనే గోధుమరంగు పోనీని. నెమ్మదైనది, కొత్తవాళ్ళను కంగారు పెట్టదు. "ఇది ఇంకా ఎంత పెరుగుతుంది భాయ్?" అని సైస్ (గుర్రాలను చూసుకునే మనిషి) భాయ్‌ని అడిగాను. "పెరగడమేంటమ్మా, దీనికి 12 ఏళ్ళు. రెండు ఈతలు అయ్యాయి" అన్నాడు.

పోనీ అంటే గుర్రప్పిల్ల కాదని ఆ రోజే తెలిసింది. పిల్లను ఇంగ్లీషులో ఫోల్ అంటారు. పోనీ పూర్తిగా ఎదిగాక కూడా పొట్టిగా ఉండే గుర్రం. మన పాత తెలుగులో దానికి తట్టువ అనే మాట ఉంది. ఎత్తును మూపు దగ్గర కొలుస్తారు, తల దగ్గర కాదు. కొలమానం పేరు హ్యాండ్, అంటే అరచేతి వెడల్పు, మన బెత్తెడు లాంటి ఆలోచనే. ఒక హ్యాండ్‌కు 4 అంగుళాలు. సాధారణంగా 14.2 హ్యాండ్స్ లోపు ఉంటే పోనీ అంటారు. ఈ 14.2ని దశాంశంగా చదవకూడదు, 14 హ్యాండ్స్ మీద 2 అంగుళాలు అని, అంటే 58 అంగుళాలు. మా చిట్టి 13.1, అంటే 53 అంగుళాలు.

వయసు ఎలా తెలిసిందని అడిగితే భాయ్ దాని పెదవి ఎత్తి పళ్ళు చూపించాడు. గుర్రం పళ్ళు జీవితంలో చాలాకాలం చిగురు నుంచి పైకి వస్తూనే ఉంటాయి, గడ్డి నమిలినకొద్దీ అరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళ మీద ఉండే గుంటల అరుగుదలను, వయసుతోపాటు అవి ముందుకు వాలే తీరును చూసి అంచనా కడతారు.

2వ వారం

పొరపాటు: చిట్టిని పలకరిద్దామని వెనకనుంచి వెళ్ళి తొడ మీద చెయ్యేశాను. ఒక్క ఉదుటున పక్కకు దూకింది. తన్నలేదు, అది దాని మంచితనం.

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. సరిగ్గా తోక వెనక, నుదుటికి ఎదురుగా ముక్కు దగ్గర మాత్రం చిన్న చీకటి భాగాలు ఉంటాయి. నేను వెళ్ళింది ఆ వెనక చీకట్లోంచే. పిలుస్తూ, ఎడమ భుజం వైపునుంచి ఏటవాలుగా వెళ్ళాలి. వెనకనుంచి దాటాల్సి వస్తే దాని వీపు మీద చెయ్యి ఆన్చి ఒంటికి ఆనుకునే నడవాలి, లేదా కాలు చాచినా అందనంత దూరంగా వెళ్ళాలి. క్యారెట్టు ఇచ్చేటప్పుడు అరచేయి చాపి పెట్టాలి. మూతి కిందకు వచ్చినది దానికి కనబడదు, పెదవుల స్పర్శతో, వాసనతో వెతుక్కుంటుంది. వేళ్ళు ముడిచి పెడితే వాటినీ క్యారెట్టు అనుకుంటుంది.

రంగులు కూడా మనలా కాదు. నీలం, పసుపు బాగా తెలుస్తాయి గానీ ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. బ్రిటన్‌లో గుర్రాలు దూకే రేసుల్లో అడ్డంకుల మీది నారింజ గుర్తులను తెల్లగా మార్చింది అందుకే.

3 నుంచి 5 వారాలు

ఎక్కడానికి ముందు అరగంట నేల మీద పని. నాకు ఇది స్వారీ కంటే ఇష్టంగా మారింది. క్రమం ఇలా రాసుకున్నాను: మెడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి, గుండ్రంగా రబ్బరు బ్రష్షుతో మట్టి రేపాలి. తర్వాత గట్టి బ్రష్షుతో వెంట్రుక వాలు వైపు దులపాలి. చివర్లో డెక్కలు. డెక్క ఎత్తమంటే కాలు పట్టి లాగకూడదు. భుజం నుంచి కిందకు చెయ్యి జార్చుతూ వెళ్తే అదే ఎత్తుతుంది. అడుగున ఇరుక్కున్న రాళ్ళు, పేడ కొక్కెంతో తీయాలి. మడమ నుంచి ముందువైపుకే గీకాలి. మధ్యలో త్రికోణంగా రబ్బరులా ఉండే భాగానికి కొక్కెం గుచ్చుకోకూడదు. అడుగు వేసినప్పుడల్లా అదురును పీల్చుకునేది, కాలి రక్తాన్ని పైకి పంపడంలో సాయపడేది ఆ భాగమే.

గుర్రం ఒక్కో కాలికి ఒక్క వేలి మీద నిలబడుతుంది, అది మన నడిమి వేలికి సమానం. ముందుకాలికి మోకాలు అనుకునేది నిజానికి మణికట్టు. ఇది తెలిశాక దాని కాలు పట్టుకునే తీరే మారిపోయింది నాకు.

ఒక శనివారం చిట్టి ఒక వెనకకాలు వంచి, డెక్క కొస మాత్రం నేలకు ఆన్చి తల వాల్చి నిలబడి ఉంది. కుంటుతోందేమోనని టెన్షన్ పడి భాయ్‌ని పిలిచాను. నిద్రట. కీళ్ళను కండరాల శ్రమ లేకుండా నిలిపి ఉంచే ఏర్పాటు గుర్రం కాళ్ళలో ఉంది. వెనకకాళ్ళను మార్చి మార్చి విశ్రాంతినిస్తూ నిలబడే కునుకు తీస్తుంది. గాఢమైన కలల నిద్రకు మాత్రం పడుకోవలసిందే. రోజు మొత్తం మీద నిద్ర మూడు నుంచి ఐదు గంటలే, అదీ ముక్కలు ముక్కలుగా.

7వ వారం

ఈ వారం గురించే ఎక్కువ రాయాలి.

ట్రాట్ (నడక కంటే వేగంగా, దౌడు కంటే నెమ్మదిగా సాగే పరుగు) నేర్చుకుంటున్నాను. అందులో ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా కదులుతాయి కాబట్టి తాళం రెండే: ఒకటి, రెండు. ఒకటికి లేవాలి, రెండుకు కూర్చోవాలి. అది కుదరక నేను జీను మీద ధబీమని పడుతుంటే చిట్టి చెవులు వెనక్కి వాల్చేది, వీపు కిందకు దించేసేది. స్వారీ నేర్పే సార్ "ఇంకా తేలిగ్గా కూర్చోండి" అన్నారు. నాకు అనుమానం నా కూర్చునే తీరు మీద కాదు, నా బరువు మీద.

తూకం యంత్రం లేకుండా గుర్రం బరువు కట్టే లెక్క ఒకటి ఉంది. దర్జీ టేపుతో ముందుకాళ్ళ వెనకనుంచి మూపు వెనక మీదుగా ఛాతీ చుట్టుకొలత తీసుకోవాలి. భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు తీసుకోవాలి. రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చిట్టికి చుట్టుకొలత 152, పొడవు 132. వచ్చింది 257 కిలోలు.

గుర్రం తన బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదని స్వారీ నేర్పేవాళ్ళు చాలామంది పాటిస్తారు. 2008లో అమెరికాలోని ఒహాయో స్టేట్ పరిశోధకులు గుర్రాల మీద నాలుగు రకాల బరువులు వేసి చూశారు. 20 శాతం దాకా పెద్ద తేడా లేదు. 25, 30 శాతం మోసినవాటికి కండరాల నొప్పి ఎక్కువగా కనిపించింది. చిట్టికి ఐదో వంతు అంటే 51 కిలోలు. నేను 61, జీను, కళ్ళెం, హెల్మెట్ కలిపి మరో 8. మొత్తం 69. అంటే 27 శాతం.

ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మాది మాడుగుల వైపు. చిన్నప్పుడు ఏజెన్సీ నుంచి గిరిజనులు పసుపు, అల్లం బస్తాలు పొట్టి గుర్రాల మీద వేసుకుని సంతకు దిగేవాళ్ళు. రోడ్డు లేని కొండ ఊళ్ళకు అవే ఆధారం. దిగువన బస్తాలు దించాక ఆ గుర్రాల వీపులు తడిసి మెరుస్తుండటం నాకు గుర్తు. ఆ తడి గురించి అప్పుడు ఏమీ ఆలోచించలేదు.

కొందరు షెట్లాండ్ పోనీల గురించి చెప్పారు. 42 అంగుళాలు మించని ఆ పోనీలే బొగ్గు బండ్లు లాగాయి కదా అని. నిజమే, 1842లో బ్రిటన్ ఆడవాళ్ళనూ పదేళ్ళలోపు మగపిల్లలనూ గనుల లోపల పనిచేయించడం నిషేధించాక, పోనీల వాడకం బాగా పెరిగింది. కానీ అవి పట్టాల మీద చక్రాల బండిని లాగాయి. లాగడం వేరు, వెన్ను మీద మోయడం వేరు.

మర్నాడు సార్‌కు లెక్క చూపించాను. ఆయన వాదించలేదు. నన్ను సుల్తాన్ అనే గుర్రానికి మార్చారు, చిట్టిని మా అమ్మాయికి ఇచ్చారు (34 కిలోలు, చిన్న జీనుతో 40). సుల్తాన్ రేసుల నుంచి విరమించిన థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి). 15.3 హ్యాండ్స్, చుట్టుకొలత 185, పొడవు 160, అంటే సుమారు 461 కిలోలు. నా 69 కిలోలు దానికి 15 శాతం.

చిట్టిని దులిపే పని మాత్రం నేనే ఉంచుకున్నాను.

10వ వారం

ఇది రాయడం కష్టంగా ఉంది. సంక్రాంతికి ఊరినుంచి ఉలవలు వచ్చాయి. ఇంగ్లీషులో వాటి పేరులోనే గుర్రం ఉంది కదా అని కిలోన్నర ఉడకబెట్టి తీసుకెళ్ళి, భాయ్ లేని సమయంలో చిట్టికి మొత్తం పెట్టేశాను. ఆత్రంగా తింది. మధ్యాహ్నం మూడుకి ఫోన్ వచ్చింది.

నేను వెళ్ళేసరికి ముందుకాలితో నేలను గీరుతోంది, తల తిప్పి పొట్ట వైపు చూసుకుంటోంది, పడుకుని లేస్తోంది. దవడ కింద నాడి పట్టుకుంటే 15 సెకన్లకు 16, అంటే నిమిషానికి 64. మామూలుగా దానికి 40. డాక్టరు గారు గంటలో వచ్చారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. గుర్రం వాంతి చేసుకోలేదు. అన్నవాహిక కడుపును కలిసే చోట కండరం అంత గట్టిగా బిగుసుకుని ఉంటుంది. లోపల ఎక్కువైతే పైకి వచ్చే దారి లేదు, కడుపు పగిలే ప్రమాదం కూడా ఉంది. అంత పెద్ద గుర్రానికీ కడుపు 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. పీచు పులిసి శక్తిగా మారేది వెనకనున్న పెద్దపేగుల్లో. ఒక్కసారిగా అలవాటు లేని గింజలు వెళ్తే అక్కడ పులియడం అదుపు తప్పుతుంది.

రాత్రి తొమ్మిదికి పేడ వేసింది. భాయ్ దాని పొట్టకు చెవి ఆన్చి విని, "పేగులు కదులుతున్నాయమ్మా" అన్నాడు. నేను ఆ గోడ పక్కనే కూర్చుని ఏడ్చాను.

అప్పటినుంచి పాటిస్తున్నవి: కొత్త దాణా ఏదైనా వారం పది రోజుల మీద గుప్పెడు గుప్పెడుగా పెంచాలి. మేతలో ఎక్కువ భాగం గడ్డే, రోజుకు ఒంటి బరువులో 2 శాతం దాకా ఎండు లెక్కన, చిట్టికి సుమారు 5 కిలోలు. ఒకేసారి కాకుండా నాలుగైదు సార్లు. నీళ్ళ తొట్టి ఎప్పుడూ ఖాళీ కాకూడదు. భాయ్‌ని అడగకుండా ఎవరూ ఏమీ పెట్టకూడదు. ఈ మాట బోర్డు మీద నేనే రాశాను.

13వ వారం

సుల్తాన్ మీద మొదటి క్యాంటర్, అంటే ట్రాట్ కంటే వేగమైన పరుగు. మూడు తాళాలు, తర్వాత ఒక క్షణం గాల్లో. ఉయ్యాలలా ఉంది. గుర్రం దౌడులో నాలుగు కాళ్ళూ నేలను వదులుతాయా లేదా అన్నది చాలాకాలం తేలలేదు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరుస కెమెరాలతో తీసిన ఫొటోలు తేల్చాయి. వదులుతాయి, కానీ చిత్రకారులు గీసినట్టు కాళ్ళు చాపినప్పుడు కాదు, పొట్ట కిందకు ముడుచుకున్నప్పుడు. ఈ వేగంలో సుల్తాన్ శ్వాస కూడా అంగకు ఒకటి చొప్పున వినిపిస్తుంది. గుర్రం నోటితో ఊపిరి తీసుకోదు, ముక్కుతోనే. అందుకే ముక్కుపట్టీ మరీ కిందకు బిగించకూడదు.

కొత్తవాళ్ళకు రెండు మాటలు. ఒక రౌండు నడిపించాక దిగకుండానే జీను పటకాను (పొట్ట కింద నుంచి జీనును బిగించే పట్టీ) మళ్ళీ ఒక రంధ్రం బిగించండి, ఎక్కేముందు గుర్రం పొట్ట ఉబ్బించి ఉంటుంది. చిన్న మడమ ఉన్న బూట్లే వేసుకోండి. స్పోర్ట్స్ షూస్ అయితే పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కోవచ్చు.

16వ వారం

లాడాలు కొట్టే నాల్‌బంద్ వచ్చాడు. డెక్క నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆరేడు వారాలకోసారి చెక్కాలి. మేకులు దిగేది స్పర్శ లేని బయటి గోడలోకే, మన గోరు చివరలాంటిది. చిట్టికి లాడాలు వద్దన్నాడు. మట్టి నేల మీదే తిరుగుతుంది కదా, చెక్కితే చాలు.

20వ వారం (మార్చి)

చిట్టి చుట్టుకొలత: కడుపునొప్పి తర్వాత 149కి (247 కిలోలు) తగ్గింది, ఈ ఆదివారం 151 (253 కిలోలు). నాడి 40, శ్వాస నిమిషానికి 12. ఎండలు ముదిరాయి, నిన్న 30 లీటర్ల నీళ్ళు తాగింది, కాబట్టి రెండో తొట్టి పెట్టించాం. క్లాసు ఆరింటికి మార్చారు.

మా అమ్మాయి ట్రాట్‌లో లేచి కూర్చుంటోంది, ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతూ. ఆమె కింద చిట్టి చెవులు ముందుకే ఉన్నాయి, వీపు నిండుగా ఉంది. వచ్చే శనివారం ఇద్దరివీ కొలతలు మళ్ళీ తీసుకోవాలి. అమ్మాయి కూడా పెరుగుతోంది, జీనుతో కలిపి 50 దాటిన రోజున చిట్టి మీదనుంచి దిగాలని ఇప్పుడే చెప్పి ఉంచాను.