తిట్లు తిన్నది ఎవరు?

2024 జూలై 19న కంప్యూటర్లకు భద్రతా సాఫ్ట్‌వేర్ ఇచ్చే క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ అప్‌డేట్ ఒకటి వికటించి ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ వార్త చదివి "ఐటీ వాళ్లు నిద్రపోతున్నారా?" అన్నవాళ్ల మాటలు ఇప్పటికీ బాధిస్తాయి.

సపోర్ట్‌లో పనిచేసే మా తమ్ముడు ఆ రాత్రి ఇంటికి రాలేదు. సిస్టమ్ ఆన్ అయితేగా దూరం నుంచి సరిచేసేది! ఒక్కోదాని ముందు కూర్చుని, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ అడిగే 48 అంకెల కీ కొట్టి, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ అప్‌డేట్‌తో వచ్చిన ఒక్క ఫైల్ తీసెయ్యాలి. తీసెయ్యడం నిమిషం పనే, ఏ సిస్టమ్‌కి ఏ కీ అన్నది వెతకడమే నరకం. పైగా పక్కన నిలబడి "ఇంకా ఎంతసేపు?" అనేవాళ్లు.

ఆ తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ ఇలాంటి అప్‌డేట్లను విడతలవారీగా పంపడం మొదలుపెట్టింది. ఆ పని ముందే చేసుండాల్సింది.