వాల్తేరు ఖర్చు

బొబ్బిలిలో పాసింజరు ఎక్కేసరికి ఇంకా తెల్లవారలేదు. సంచిలో మంచినీళ్ళ సీసా, నాలుగు అరటిపళ్ళు, దినపత్రికలో చుట్టిన మా తాతయ్య పద్దుల పుస్తకం. దాని అట్ట ఎప్పుడో ఊడిపోయింది. చెదలు ఒక మూల కొరికి, రుచించలేదేమో, మధ్యలోనే వదిలేశాయి.

కిందటి సంక్రాంతికి అటక దులుపుతుంటే దొరికింది. ఎరువుల లెక్కలు, కూలీల పద్దులు, పెళ్ళి చదివింపుల మధ్య రెండు మూడు నెలలకొకసారి ఒకే శీర్షిక: ‘వాల్తేరు ఖర్చు’. 1955లో మొదలై 1961లో ఆగిపోతుంది. ఇదేమిటని నాన్నను అడిగితే కాసేపు పలకలేదు. తర్వాత “మా మేనత్త అక్కడ ఉండేది” అన్నారు. అక్కడ అంటే ఎక్కడో నాకు విడమరిచి చెప్పనక్కరలేదు. చిన్నప్పుడు మా అల్లరి మితిమీరితే “వీణ్ణి వాల్తేరు పంపాల్సిందే” అనేవారు పెద్దవాళ్ళు. మేము పడీపడీ నవ్వేవాళ్ళం. నాయనమ్మ మాత్రం ఆ మాట వినగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మా ఇంట్లో చెప్పుకునే కథ చాలా చిన్నది. నాన్న మేనత్తకు, అంటే తాతయ్య చెల్లెలికి, మతి చలించింది, మొగుడు వదిలేశాడు, తాతయ్య తీసుకెళ్ళి పిచ్చాసుపత్రిలో పడేసి వచ్చాడు. ‘పడేసి’ అన్న మాటే వాడేవారు. పడేసి వచ్చినవాడు ఆరేళ్ళపాటు రైలు టిక్కెట్లు ఎందుకు కొన్నాడని ఎవరికీ తోచలేదు. నాకూ యాభై ఏళ్ళు వచ్చేదాకా తోచలేదు కాబట్టి వాళ్ళను అనడానికి లేదు.

విజయనగరం దాటాక కూర్చోవడానికి చోటు దొరికింది. వకీలుగా పనిచేసే మా బావమరిది 1912 నాటి చట్టం ప్రతి ఒకటి తీసి ఇచ్చాడు. పిచ్చివాళ్ళ విషయంలో 1858లో ఒక చట్టం వచ్చింది, దాని తర్వాత ఇది. 1987లో కొత్త చట్టం చేసినా, అది అమల్లోకి వచ్చిన 1993 దాకా దీనిదే రాజ్యం. పెందుర్తి వచ్చేదాకా అదే చదివాను. చట్టాలు చదవడం నాకు అలవాటు లేదు గానీ, పక్కన పద్దుల పుస్తకం పెట్టుకుని చదివితే ఇదీ ఒక కథే.

మనిషిని ఆసుపత్రిలో చేర్చాలంటే మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టాలి. ఆ అర్జీ వీలైతే భర్తో, భార్యో, బంధువో పెట్టాలి. బయటివాళ్ళు పెడితే, ఇంటివాళ్ళు ఎందుకు పెట్టలేదో అందులో రాయాలి. అర్జీదారు అంతకుముందు పద్నాలుగు రోజుల్లోపు రోగిని స్వయంగా చూసి ఉండాలి. ఇద్దరు వైద్యుల సర్టిఫికెట్లు జతచేయాలి. తాతయ్య పుస్తకంలో 1955 మాఘమాసం కింద చూస్తే ‘డాక్టర్ల సర్టిఫికెట్లు 2’, దాని కింద ‘వకీలు గుమాస్తాకు’. భర్త చేయాల్సిన సంతకం అన్న చేశాడన్నమాట.

దిక్కులేకుండా తిరిగేవాళ్ళను పోలీసులు పట్టి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే దారి ఒకటి ఉండేది, అది వేరు. ఇంటి మనిషి విషయంలో మాత్రం ఆ తలుపు చాలావరకు ఇంటివాళ్ళ సంతకంతోనే తెరుచుకునేది. పిచ్చాసుపత్రుల చరిత్ర అంటే మనకు గోడలు, గొలుసులు, తెల్లదొర డాక్టర్లు గుర్తొస్తారు. గుమాస్తాకు డబ్బులిచ్చి, చెమటచేత్తో సంతకం పెట్టిన అన్నలు ఎవరికీ గుర్తురారు.

విశాఖపట్నం స్టేషన్ బయట ఆటో మాట్లాడుకున్నాను. చినవాల్తేరు, మానసిక చికిత్సాలయం అని చెబితే డ్రైవరు మీటరు సంగతి ఎత్తకుండా “చూడటానికా సార్, చూపించడానికా?” అని అడిగాడు. ఎంత ఉపయోగపడే ప్రశ్నో! చూడటానికే అన్నాను. సిరిపురం దాటేదాకా తన పెద్దమ్మ కొడుకు గురించి చెబుతూనే ఉన్నాడు.

పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ పెట్టించిన ఆసుపత్రి ఇది. అప్పట్లో వాల్తేరు దొరల బంగళాలుండే మెరక ప్రాంతం, ఊరు దూరంగా కింద ఉండేది. ఇప్పుడు నగరం చుట్టూ అల్లుకుపోయి ఆసుపత్రి నట్టనడుమ పడింది. లోపలికి వెళ్ళి పాత రికార్డులు అడుగుదామన్న ఆలోచన నాకు లేదు. మనవణ్ణని చెప్పుకున్నంత మాత్రాన ఒక రోగి వివరాలు చేతిలో పెట్టకూడదు కూడా. తాతయ్య నిలబడిన చోట కాసేపు నిలబడదామని వచ్చానంతే.

అక్కడ జనమంతా జంటలు జంటలుగా ఉన్నారు. చూపించుకోవడానికి వచ్చినవాళ్ళ పక్కన తీసుకొచ్చినవాళ్ళు. ఎవరు ఎవరో చెప్పడం మొదట్లో కష్టం. కాసేపు చూస్తే తెలిసింది, కాగితాలున్న సంచి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు తీసుకొచ్చినవాళ్ళు.

టీ బడ్డీ దగ్గర బెంచీ మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చిన పెద్దావిడ చేతిలో కూడా అలాంటి సంచే ఉంది. సాలూరు అవతల ఏదో పల్లె. కొడుకుకు నలభై ఏళ్ళట, మనవడితో కలిసి లోపల వరసలో ఉన్నాడు. సంచిలోంచి ఖాళీ అయిన మాత్రల అట్టలు తీసి ఒళ్ళో పేర్చుకుంటోంది, డాక్టరుకు చూపించాలట, ఏవి అయిపోయాయో పేర్లు చదవడం రాదు కాబట్టి.

“రాత్రి మాత్ర మింగాను అంటాడు బాబూ. నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూస్తాను. ఒక్కోసారి అక్కడ దాస్తాడు. చిన్నప్పుడు ఉగ్గు కూడా అలాగే దాచేవాడు.”

మొదట్లో భూతవైద్యుల చుట్టూ తిరిగి, రెండు మేకలు, ఒక ఎకరం పోయాక ఇక్కడికి వచ్చారట. ఆవిడ దాన్ని సిగ్గుపడుతూ ఏమీ చెప్పలేదు. వాన ఎప్పుడు పడిందో చెప్పినట్టు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది: “మీవాళ్ళు లోపల ఎవరు?”

“మా తాతయ్య చెల్లెలమ్మా. ఇప్పుడు కాదు, అరవై డెబ్భై ఏళ్ళ కిందట.”

ఆవిడ ఆ లెక్కకేమీ ఆశ్చర్యపోలేదు. “ఎవరొచ్చేవారు చూడటానికి?” అని మాత్రం అడిగింది. తాతయ్య అన్నాను. “అయితే నయం” అని మాత్రల అట్టలు మళ్ళీ సంచిలో సర్దుకుంది.

కుటుంబాలను నెత్తిన పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన చోట మంటలు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టి ఉన్న 28 మంది కాలిపోయారు. వాళ్ళను అక్కడ ఎక్కువగా వదిలి వెళ్ళింది అయినవాళ్ళే. నయమైనా తీసుకెళ్ళేవాళ్ళు రాక ఆసుపత్రుల్లోనే ముసలివాళ్ళైపోయినవాళ్ళు దేశమంతా ఉన్నారు. ఇంటివాళ్ళు వద్దన్నంత మాత్రాన మనిషిని ఆసుపత్రిలోనే ఉంచకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే ఆ రోగం ఎంత ముదిరిందో ఊహించుకోవచ్చు. అదే చట్టం, తన తరఫున మాట్లాడే మనిషిని రోగే ఎంచుకోవచ్చని కూడా చెబుతోంది. నాన్న మేనత్తకు ఆ వీలుంటే ఎవరి పేరు చెప్పేదో.

అలాగని ఇంటివాళ్ళను గేటు బయట ఉంచడమూ మేలు చేయలేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగితో పాటు బంధువులనూ అక్కడే ఉంచారు. వండిపెట్టడం, కనిపెట్టుకుని ఉండటం, ఏది జబ్బో ఏది మొండితనమో తెలుసుకోవడం, అన్నీ వాళ్ళు అక్కడే నేర్చుకున్నారు. తర్వాత వేలూరులోనూ, బెంగళూరులోనూ కుటుంబాన్ని వెంట ఉంచుకుని వైద్యం చేసే పద్ధతి నిలదొక్కుకుంది. అక్కడ గుడారాలు వేస్తున్న రోజుల్లోనే మా తాతయ్య ఇక్కడ సంచి పట్టుకుని ములాఖాతు వేళ కోసం ఎదురుచూసి ఉంటాడు.

మధ్యాహ్నం ఎండలోనే కిర్లంపూడి మీదుగా బీచికి నడిచాను. ఆ వేళప్పుడు జలాంతర్గామి దగ్గర బడిపిల్లలు తప్ప ఎవరూ లేరు. ముంత మసాలా బండ్లు ఇంకా తెరవలేదు. ఒక చెట్టు నీడ చూసుకుని పుస్తకం విప్పాను.

1957లో నయాపైసలు వచ్చినా తాతయ్య అణాలు వదల్లేదు. ప్రతి వాల్తేరు ఖర్చు కిందా ఇంచుమించు అవే వస్తువులు: రైలు రానుపోను, జట్కా, నువ్వుల నూనె సీసా, జీళ్ళు, గాజులు డజను. నన్ను ఆపింది ఈ చివరిదే. రెండు నెలలకొకసారి డజను గాజులు! పగలగొట్టుకునేదా, పక్కవాళ్ళకు పంచేదా, గాజుముక్క ప్రమాదమని తీసి దాచేవారా? ఏమయ్యేవో గానీ ఆయన తీసుకెళ్ళడం మానలేదు.

1958 వైశాఖంలో ఇలా ఉంది: ‘స్టాంపు కాగితం. జామీనుదార్లు ఇద్దరికి కాఫీ ఫలహారం. టిక్కెట్లు పోను 3, రాను 4’. పొద్దున రైల్లో చదివిన చట్టంలో దీనికి సెక్షను ఉంది. బంధువు తన సంరక్షణలోకి తీసుకుంటానని అర్జీ పెట్టుకుని, సరిగా చూసుకుంటాననీ, రోగి తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసుకోకుండా, చేయకుండా కనిపెట్టుకుంటాననీ బాండు రాసిస్తే రోగిని ఇంటికి పంపవచ్చు. అంటే ఇంటికి తెచ్చాడు. పడేసి వచ్చిన కథలో ఈ ముక్క లేదు.

తర్వాత పద్నాలుగు నెలలు వాల్తేరు ఖర్చు లేదు. 1959 ఆషాఢంలో ‘టిక్కెట్లు పోను 2, రాను 1’. మళ్ళీ నూనె సీసా, జీళ్ళు, గాజులు డజను. ఆ పద్నాలుగు నెలలు ఇంట్లో ఏం జరిగిందో పద్దుల్లో కనబడదు. ఆ మధ్యలో ఒకచోట ‘బావి మీదికి చెక్క మూత’ అని ఉంది, అంతే.

చివరి పద్దు 1961 శ్రావణంది. ‘టిక్కెట్లు 3. చీర. పసుపు, కుంకుమ. పూలు. గాజులు డజను’. రాను టిక్కెట్లు ఎన్నో రాయలేదు. భర్త ఎక్కడో బతికే ఉన్నాడు కాబట్టి ముత్తైదువగానే సాగనంపారు.

అక్కడి నుంచే నాన్నకు ఫోను చేశాను. పద్దు చదివి వినిపించాను. అటువైపు చాలాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

“గాజులు ఏ రంగో రాశారా?” అన్నారు.

లేదన్నాను.

“ఆకుపచ్చవే అయి ఉంటాయి. నన్ను ఎత్తుకున్నప్పుడు వీపుకు గుచ్చుకునేవి” అన్నారు నాన్న.