ఎంజీబీ పునరుద్ధరణ: డ్యాష్‌బోర్డు ఎక్కింది

1966 నాటి మా ఎంజీబీ రోడ్‌స్టర్‌కు (పైకప్పు తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఎట్టకేలకు డ్యాష్‌బోర్డు ఎక్కింది. స్టీరింగ్ కాలమ్ ఇంకా కిందికి దించే ఉంది, హీటరు మీటల అమరిక మిగిలింది. అయినా మీటర్ల ముళ్లన్నీ కదులుతున్నాయి. ఇలాంటి పని మొదలుపెట్టబోయే వారికి పనికొస్తాయని వివరాలు రాసి పెడుతున్నాను.

ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారం నుంచి వచ్చిన తొలి తరం ఎంజీబీల్లో డ్యాష్‌బోర్డు ఉక్కు రేకే. దాని మీద ముడతలు తేలే నల్లరంగు ఉండేది. చాలామంది ఆ రేకును చెక్క పలకతో కప్పేస్తారు. నాకది నచ్చదు. ఆ గరుకు నలుపులోనే ఈ కారు అందం ఉంది. పాత రంగు పూర్తిగా తీసి, ప్రైమరు కొట్టి, ముడత రంగును మూడు పూతలుగా వేశాను: ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, ఒకటి ఐమూలగా. పూత పలచనైతే ముడత పడదు. చివరి పూత తడి ఆరకముందే వేడిగాలి తగిలిస్తే ముడతలు సన్నగా, సమంగా తేలతాయి.

బిగించే పనిలో అసలు చిక్కు జంట మీటరుతోనే. ఒకే గుండ్రని డయల్‌లో సగం ఆయిల్ ప్రెషరు, సగం నీటి వేడి. వేడి చూపే భాగానికి కరెంటుతో పని లేదు. మీటరు నుంచి బయలుదేరే సన్నని లోహపు గొట్టం ఇంజను హెడ్ ముందు భాగంలో వేడిని పసిగట్టే బల్బు (ఇది దీపం కాదు) దాకా వెళ్తుంది. లోపల ఈథర్ నింపి సీలు చేసి ఉంటుంది. ఆ గొట్టాన్ని కోయకూడదు, అతకకూడదు, గట్టిగా మడవకూడదు. ఎక్కడ విరిగినా మీటరు మొత్తాన్ని నిపుణుల దగ్గరికి పంపాల్సిందే. అందుకే మిగతా పనుల వరస అంతా ఈ గొట్టమే నిర్ణయిస్తుంది. ముందు బల్బును ఫైర్‌వాల్ (ఇంజనుకూ లోపలి భాగానికీ మధ్య అడ్డురేకు) రంధ్రంలోంచి ఇంజను వైపుకు దాటించాలి, ఆ తర్వాతే రంధ్రం అంచుకు రబ్బరు గ్రోమెట్ అనే వలయం తొడగాలి. ఇంజను అదురు గొట్టం మీద పడకుండా మధ్యలో ఒక వదులు చుట్టు వదిలాను. బిగించే ముందే బల్బును మరుగుతున్న నీళ్లలో ముంచి, ముల్లు 212 డిగ్రీల ఫారెన్‌హీట్ పాటికి లేస్తుందో లేదో చూసుకోవడం మంచిది.

ఆయిల్ గొట్టం మీటరుకు చేరే చోట చిన్న తోలు వాషరు ఉంటుంది. పాతది ఎండి గట్టిపడి ఉంటే వేడి ఆయిలు నేరుగా కాళ్ల మీద కారుతుంది. కొత్త వాషరును కాసేపు ఆయిల్లో నానబెట్టి వేశాను.

పెట్రోలు మీటరుకు కరెంటు స్టెబిలైజరు గుండా వస్తుంది. ఆ చిన్న డబ్బా సరఫరాను వేగంగా ఆపుతూ, ఇస్తూ సగటున 10 వోల్టులు ఉండేలా చూస్తుంది. కాబట్టి మల్టీమీటరు పెడితే అంకె గెంతుతూ ఉంటుంది, అది లోపం కాదు. డబ్బా తిన్నగా నిలబడి ఉండాలి, దాని ఒంటికి ఎర్త్, అంటే కారు రేకు, గట్టిగా తగలాలి. నేను అక్కడ రంగు గీకి, మెరిసే రేకు మీద బిగించాను. తర్వాత ట్యాంకు దగ్గర ఆకుపచ్చ–నలుపు వైరు ఊడదీసి ఒక్క క్షణం ఎర్త్‌కు తాకిస్తే ముల్లు నెమ్మదిగా ‘నిండు’ వైపు లేచింది. అంటే మీటరూ వైరూ రెండూ బాగున్నట్లే.

ఈ కారుకు ప్లస్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొసను కారు రేకుకు కలుపుతారు. సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు. మైనస్‌కు మార్చమని సలహా ఇచ్చేవారు ఉన్నారు, కానీ ఇంజను వేగం చూపే మీటరు తయారైందే ప్లస్ ఎర్త్‌కు. దాని వెనక ప్లాస్టిక్ దిమ్మె చుట్టూ తెల్ల వైరు ఒక చుట్టు తిరిగి ఇగ్నిషన్ కాయిల్‌కు పోతుంది. ఆ చుట్టులో కరెంటు దిశ తారుమారైతే మీటరు సరిగా చూపదు. నేనైతే మార్చలేదు. డయల్ దీపాలకు కూడా మర తిప్పి బిగించే 2.2 వాట్ల పాత రకం బల్బులే పెట్టాను. ఎల్‌ఈడీలు పెట్టాలనుకునేవారు ప్లస్ ఎర్త్‌కు సరిపోయేవి అడిగి కొనాలి.

వైర్లకు లూకాస్ (బ్రిటిష్ కార్ల విద్యుత్ పరికరాల కంపెనీ) రంగులే: నలుపు ఎర్త్, గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా, ఊదా ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుది, తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఇగ్నిషన్ వేశాక ఫ్యూజు దాటి వచ్చేది, ఎరుపు–తెలుపు డయల్ దీపాలది, నీలం–తెలుపు హైబీముది. ఈ పద్ధతిలో వైరింగ్ చేసిన ఏ పాత బండికైనా ఇవే వర్తిస్తాయి. మన అంబాసిడర్‌కు వచ్చిన 1489 సీసీ ఇంజను, దీని 1798 సీసీ ఇంజను రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి–సిరీస్ కుటుంబానివే కాబట్టి, ఇంటి దగ్గర అంబాసిడర్ బాగుచేసేవారికి ఈ పని కొత్తగా అనిపించదు.

స్పీడోమీటరు డయల్ మీద చిన్నగా 1040 అని ఉంటుంది. మైలుకు కేబులు తిరగాల్సిన చుట్లు అవి. గేర్‌బాక్సు వైపు కేబులు తగిలించి, పై కొసకు అట్టముక్క బాణం గుచ్చి, కారును 52 అడుగుల 9½ అంగుళాలు, అంటే దాదాపు మైలులో నూరో వంతు, నెట్టాలి. బాణం పది చుట్లు దాటి ఇంకో అర చుట్టుకు కాస్త తక్కువగా తిరిగితే గేర్‌బాక్సు, మీటరు జత కుదిరినట్లు. మాది కుదిరింది.

రేకును పైఅంచు స్టడ్‌లకు నట్లతో వదులుగా వేలాడదీసి, కింది స్క్రూలు పట్టాకే అన్నీ బిగించాలి. పైవి ముందే బిగిస్తే కింది రంధ్రాలు కలవవు. స్టీరింగ్ కాలమ్ దించి ఉంచితే చేయి దూరడానికి చోటుంటుంది.

చివరగా స్పార్క్ ప్లగ్గులు తీసి స్టార్టరు తిప్పాను. కాసేపటికి ఆయిల్ ముల్లు వణుకుతూ లేచి నిలబడింది. తోలు వాషరు దగ్గర వేలితో తడిమితే పొడిగానే ఉంది. ఇక స్టీరింగ్ కాలమ్ పైకెత్తి బిగించాలి, ఆపైన హీటరు మీటలు.